మాటల్లేనోళ్ల తాళంచెవులు

పండరికి ఊళ్లో ఏ పదవీ లేదు. వార్డు మెంబరుగా ఒకసారి నిలబడి ఓడిపోయాడు. సొసైటీ డైరెక్టరుగా నిలబడదామని చొక్కా ఇస్త్రీ చేయించుకునే లోపల ఇంకెవరో ఏకగ్రీవం అయిపోయారు. చివరికి ఆయనకు మిగిలింది ఒక ట్రాన్స్‌ఫార్మర్. బాన్సువాడ నుంచి కోటగిరి వెళ్లే తోవలో, కాలువ నీళ్లు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు ఉండే పొలాల మధ్య, రెండు స్తంభాల మీద కూర్చున్న ముసలి ట్రాన్స్‌ఫార్మర్ అది. దాని కింద ఇరవై దాకా బోరు మోటార్లున్నాయి. యాసంగి పంట కాలం వచ్చిందంటే అది కాలిపోయేది, అది కాలిపోయిందంటే పండరికి ప్రాణం లేచొచ్చేది.

ఎందుకంటే ఇంటింటికీ తిరిగి చందా పోగుచేసేది ఆయనే. ట్రాక్టరు మాట్లాడేది ఆయనే. బాన్సువాడలో రిపేరు షెడ్డు ముందు కుర్చీ వేయించుకుని కూర్చుని, "మాది జర జల్దీ చెయ్యిన్రి, వరి ఎండుతుంది" అని గంటకోసారి అనేదీ ఆయనే. రిపేరయ్యి వచ్చాక దానికి పసుపు కుంకుమ పెట్టి, పూలదండ వేసి, కొబ్బరికాయ కొట్టే చెయ్యి కూడా ఆయనదే. ఊళ్లో ఆయన్ని ట్రాన్స్‌ఫార్మర్ పటేల్ అనేవారు. అందులో వెక్కిరింత ఎంతో, మర్యాద ఎంతో పండరి ఎప్పుడూ తూచి చూసుకోలేదు.

అలాంటి ఒక కొబ్బరికాయ దగ్గరే ఆయనకూ ఆదిశేషయ్యకూ చెడింది. ఆదిశేషయ్య పండరికి చిన్నాయన కొడుకు. ఇళ్లు ఎదురెదురు, పొలాలు పక్కపక్కన. రెండేళ్ల కిందట రిపేరు నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌ను తెచ్చింది ఆదిశేషయ్య ట్రాక్టరే. అది బురదలో దిగబడితే మోకాళ్ల దాకా మునిగి తవ్వి తీసిందీ ఆయనే. ఈసారి కాయ నేను కొడతానని అందరితో చెప్పి, కాలువలో కాళ్లు కడుక్కుని వచ్చేసరికి పండరి కాయ కొట్టేసి, ఒక ముక్క ఆయన చేతిలో పెట్టాడు. ఆదిశేషయ్య ఆ ముక్కను కాలువలోకి విసిరేశాడు. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. తప్పనిసరిగా ఏదైనా చెప్పాల్సివస్తే ఇంటి ముందు కట్టేసిన బర్రెకు చెప్పేవారు. బర్రె వినకపోయినా ఎదుటివాడు వినేవాడు.

ఇక హేమ్లి సంగతి. ఊరి పైన గుట్టకు ఆనుకుని ఉన్న తండాలో మహిళా సంఘానికి ఆవిడే లీడరు. ఆ గుట్ట వాలంతా కంది కూడా మొలవని మొరం నేల. హేమ్లి సంఘం బ్యాంకు చుట్టూ, కలెక్టరేటు చుట్టూ చెప్పులరిగేలా తిరిగి, ఆ నేల మీద సోలార్ ప్లాంటు పెట్టించింది. పలకలు దిగుతున్న రోజుల్లో కింది ఊరి మగవాళ్లకు అది పెద్ద తమాషా. "తండోళ్లు అద్దాలు పండిస్తరట. కొండెంగలు మొఖం సూసుకుంటయి" అని అందరికంటే గట్టిగా నవ్వింది పండరే. తీరా ఈ యాసంగిలో ఆ అద్దాల కరెంటు సబ్‌స్టేషన్‌కు ఎక్కి, అక్కడి నుంచి ముందుగా ఈయన పొలాల లైను మీదికే రాబోతోందని తెలిశాక నవ్వు ఆపాడు.

ఆ మాట చెప్పడానికి కరెంటు ఆఫీసు నుంచి ఏఈ అఖిలేశ్ వచ్చాడు. కుర్రవాడు, చెప్పేది నెమ్మదిగా చెబుతాడు. రైతు వేదికలో కింది ఊరివాళ్లనూ తండావాళ్లనూ కూర్చోబెట్టాడు.

"పొద్దు పొడిసినకాన్నుంచి పొద్దుగూకేదాక నిండుగ కరెంటు ఉంటది. రాత్రి పూట పామూ పురుగులల్ల బోర్లకాడికి పోవుడు బంద్. కానీ షరతు ఒక్కటే ఉంది. మీరు ఆటోమేటిక్‌లు తీసెయ్యాలె. మూడు జట్లు చేస్తం. ఎవరి వంతుకు వాళ్లే వచ్చి, చేతితోని మోటారు ఏసుకోవాలె."

ఆటోమేటిక్ అంటే టిఫిన్ డబ్బా అంత వస్తువు. స్టార్టరుకు తగిలిస్తే కరెంటు వచ్చీ రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది, రైతు ఇంట్లో ముసుగుతన్ని పడుకోవచ్చు. చిక్కేమిటంటే, అందరూ ముసుగుతన్ని పడుకున్నప్పుడు మోటార్లన్నీ ఒకేసారి గుంజుతాయి. ట్రాన్స్‌ఫార్మర్ నడుము విరిగేది అక్కడే. ఈ సంగతి అందరికీ ఏనాటి నుంచో తెలుసు.

పండరి లేచి నిలబడ్డాడు. మైకు లేకపోయినా ఉన్నట్టే మాట్లాడాడు. "ఊరంటే ఏంది? నలుగురు కలిస్తే ఊరు. ఎవరికి వాళ్లు గుంజుకుంటే గది ఊరెట్లయితది? రేపు పొద్దుగాల వరకు ఒక్క స్టార్టర్ డబ్బాల గూడ ఆటోమేటిక్ కనవడద్దు. నా మాట గిది." అందరూ చప్పట్లు కొట్టారు. తండా ఆడవాళ్లు కూడా కొట్టారు. పండరికి ఒళ్లు పులకరించింది.

పొలానికి వెళ్లి స్టార్టర్ డబ్బా తెరిచి ఆటోమేటిక్ వైపు చూశాడు. ఇంతమంది తీసేశాక తన ఒక్కడిది ఉంటే ట్రాన్స్‌ఫార్మర్‌కు ఏం తెలుస్తుంది? పైగా పెద్దమనిషికి ఆ మాత్రం వెసులుబాటు ఉండాలి గదా. డబ్బా మూసి, మీద ఒక యూరియా సంచి కప్పి ఇంటికొచ్చాడు.

మర్నాడు తండా ఆడవాళ్లు కొత్త చీరలు కట్టుకుని కిందికి దిగారు. పండరి కొబ్బరికాయ కొట్టాడు. అఖిలేశ్ సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేశాడు. మొదటి జట్టువాళ్లు మోటార్లు వేయడానికి ఇంకా అడుగు ముందుకు వేయనే లేదు, పొలాల మధ్య నుంచి ఎక్కడో ఒక మోటారు గుర్రుమంది. అది తనదేనని పండరి చెవి పట్టేసింది. అంతలో దాని పక్కది, దాని వెనకది, కాలువ అవతలివి, మొత్తం అన్నీ ఒక్క గొంతుతో లేచాయి. ట్రాన్స్‌ఫార్మర్ ఒక్క క్షణం మూలిగి, ఢామ్మని పేలి, నల్లటి పొగ వదిలింది. నూనె కాలిన వాసన వచ్చింది.

అఖిలేశ్ ఒక్కో డబ్బా తెరుచుకుంటూ పోయాడు. ప్రతి డబ్బాలోనూ ఆటోమేటిక్ ఉంది. ఊళ్లో ప్రతి ఒక్కడూ తానొక్కడే తెలివైనవాడిననుకున్నాడు. ఒకడు మీద గడ్డి కప్పాడు, ఒకడు పాత లుంగీ చుట్టాడు. ఆదిశేషయ్య ముందే వెళ్లి యూరియా సంచి లాగేసి, "సార్, ఊరంటే ఏందో చెప్పినాయన డబ్బా గిది" అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు. తరవాతి డబ్బా ఆదిశేషయ్యదే. అందులోనూ ఉందని తేలాక ఇంకా నవ్వారు గానీ, పండరికి అప్పటికే చెవులు ఎర్రబడిపోయాయి. ఆటోమేటిక్‌లన్నీ ఊడదీసి ఎవరివి వాళ్ల చేతుల్లో పెట్టాడు అఖిలేశ్.

రెండు రోజులకు ఇంకో ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చి ఎక్కించారు. దాని కిందే నిలబడి అఖిలేశ్ చెప్పాడు. "మా ఆఫీసుల ఇదే ఆఖరుది. ఇది గూడ కాలితే ఇంకోటి కోతలయినంకనే. నేను గూడ ఏం చెయ్యలేను." వరి అప్పటికి పొట్టమీదుంది. పొట్టలో ఉన్నప్పుడు నీళ్లు తప్పితే కంకి తెల్లగా బయటికొస్తుంది, కోసినా తాలే. మగవాళ్లందరూ ఒక్కసారిగా భక్తులైపోయారు. మైసమ్మ మీద ఒట్టు పెట్టుకుందామన్నారు ఒకరు. పిల్లల తలకాయల మీద పెట్టుకుందామన్నారు ఇంకొకరు.

"మొన్న చప్పట్లు గొట్టిన చేతులే గదా గివి" అంది హేమ్లి. "ఒట్లతోని కాదన్నా. మా సంఘం పెట్టె ఒకరింట్ల ఉంటది, తాళంచెవి ఇంకొకరింట్ల ఉంటది. ఆ ఇద్దరు దోస్తులైతే పెట్టె అంతే సంగతి. అందుకని ఒకరంటె ఒకరికి పడనోళ్లనే ఏరి పెడ్తం. ఇన్నేండ్లాయె, ఒక్కనాడు లెక్క తప్పలే. మీరు గూడ డబ్బాలకు తాళాలేసి, ఎవరి తాళంచెవి వాళ్లకు పడనోని చేతుల పెట్టిన్రి."

మగవాళ్లు నవ్వబోయి ఆగిపోయారు. అఖిలేశ్ గడ్డం గోక్కుంటూ ఆలోచించి, "మంచిగనే ఉన్నది" అన్నాడు. అంతే, జతలు కట్టడం మొదలైంది. ఎవరికెవరు పడరో ఆ ఊరికి ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఒక్కొక్కరికి ముగ్గురు నలుగురు తగినవాళ్లు దొరికారు, వాళ్లలో ఎవరు గట్టివాళ్లో తేల్చుకోవడానికి పాత తగాదాలన్నీ మళ్లీ తవ్వారు. ఎవరితోనూ గొడవలేని ఒకే ఒక్క రైతుతో పెద్ద చిక్కొచ్చింది. ఆయన లోపల ఏదో దాచుకున్నాడని అందరూ అనుమానపడి, ఆయన తాళంచెవి హేమ్లికే అప్పగించారు. పండరి, ఆదిశేషయ్యల జతకు మాత్రం ఎవరూ ఆలోచించనే లేదు. ఊరంతా ఒకేసారి ఆ ఇద్దరి పేర్లు అంది.

హేమ్లి ఒక నియమం పెట్టింది. "వంతు వచ్చినప్పుడు పోయి తాళంచెవి అడగాలె. నోటితోని అడగాలె. అడిగినంక ఆయన వచ్చి, డబ్బా తెరిచి, లోపల సూసి, మోటారు ఏసుడు. బర్రెకు చెప్పి పంపితే నడవది."

నడిచింది. పగవాళ్లు పగవాళ్ల డబ్బాలను ఎంత శ్రద్ధగా తనిఖీ చేశారంటే, ఒకాయన టార్చిలైటు వేసి మరీ చూశాడు. ఒక్క ఆటోమేటిక్ కూడా దూరలేదు. గుట్ట మీద ఎండ కాస్తుంటే కింద మడుల్లోకి నీళ్లు పారాయి. ట్రాన్స్‌ఫార్మర్ చల్లగా కూర్చుంది. తండావాళ్లు ప్లాంటు గేటు దగ్గర నిలబడి చూసి, సంతోషంగా వెళ్లిపోయారు.

పారనివి రెండే మళ్లు. పండరిది, ఆదిశేషయ్యది.

వంతు వచ్చినప్పుడల్లా పండరి గడప దాకా వెళ్లి ఆగిపోయేవాడు. ఎదురింట్లో ఆదిశేషయ్య అరుగు మీద కూర్చుని ఆకాశం వైపు చూసేవాడు. వాడు చిన్నవాడు, వాడే ముందు అడగాలి అని ఈయన. తప్పు ఆయనది, ఆయనే ముందు అడగాలి అని వాడు. ఆదిశేషయ్య తాళంచెవిని పండరి బనీను లోపలి జేబులో పెట్టుకుని, పిన్నీసు కూడా గుచ్చుకున్నాడు.

"పోయి అడుగు" అంది భార్య పోసవ్వ.

"వాడు అడుగనీ."

"వరి ఎవలది?"

"నాది."

"నీది కాదు. నాట్లప్పుడు వంగింది నేను." ఆమె నడుముకు కొంగు బిగించుకుని, "నోరు తెరిసి తాళంచెవి అడిగినదాక నాతోని మాట్లాడకు" అంది. అని ఊరుకోలేదు, మాట మీద నిలబడింది. అప్పటి నుంచి కంచం ముందు పెట్టేటప్పుడు చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఆ చప్పుడు పూటపూటకూ పెరిగింది.

ఇంట్లో ఉండలేక, పొలం చూడలేక, పండరి పొద్దున్నే షేరింగ్ ఆటో ఎక్కి బాన్సువాడ వెళ్లి, బస్టాండు ముందు హోటల్లో చాయ్ మీద చాయ్ తాగుతూ కూర్చునేవాడు. ఒక మధ్యాహ్నం అఖిలేశ్ అక్కడికే చాయ్‌కి వచ్చాడు.

"ఏం పండరన్న, ఇప్పుడు నీ వంతు గదా. గిక్కడున్నవ్?"

పండరి మాట మార్చాడు. "మేం వాడకపోతే గా కరెంటు ఏమైతది సార్?"

"ఏమైతది, ఊరికే పోదు. సబ్‌స్టేషన్‌ల ఎక్కి బాన్సువాడకు వస్తది." అఖిలేశ్ పండరి వెనక తిరుగుతున్న పెద్ద కూలరు వైపు చెయ్యి చూపించాడు. "నీ మడికి పోయేది గీ కూలర్ల తిరుగుతుందనుకో. మీరిద్దరు గిట్లనే ఉంటే బాన్సువాడకు మంచిదే." చాయ్ తాగేసి, బండెక్కి వెళ్లిపోయాడు.

పండరి వీపు మీద చల్లగాలి కొడుతోంది. ఆయన కుర్చీ పక్కకు జరుపుకున్నాడు. గాలి అక్కడికీ వచ్చింది. మొన్న పొలంలో నెర్రెలో వేలు పెడితే సగం వేలు దిగింది. అది గుర్తొచ్చింది. భయమేసింది. ఈ యాసంగికి ఉన్నది ఆ నాలుగెకరాలే. కొబ్బరికాయ సంగతి ఎవరు తప్పు, ఎవరు ఒప్పు అని వరి అడగదు. పొట్టలోనే ఎండిపోతుంది. పండరి చాయ్ సగంలో వదిలేసి ఆటో ఎక్కాడు. దారి పొడుగునా పెదాలు కదిలిస్తూ "తమ్మీ, జర తాళంచెవి" అని పది రకాలుగా అనుకుంటూ పోయాడు. పక్కన కూర్చున్న ముసలావిడ, ఏదో మంత్రం చదువుతున్నాడనుకుని దూరం జరిగింది.

ముందు పొలం చూసి పోదామని తోవలో దిగాడు. గట్టెక్కి చూస్తే మడి నిండా నీళ్లు. నెర్రెలు మూసుకుపోయాయి. వరి తల ఊపుతోంది. పక్కన ఆదిశేషయ్య మడి కూడా నిండుగానే ఉంది గానీ, అది పండరి కంటికి ఆననే లేదు. స్టార్టర్ డబ్బాకు తాళం వేసినట్టే ఉంది, పైపు నోరు ఇంకా తడిగా ఉంది. తాళంచెవి ఉన్నది ఒక్కడి దగ్గరే. అడక్కుండానే వచ్చి, తెరిచి, నీళ్లు పెట్టాడన్నమాట. రెండేళ్లుగా బర్రెకు చెప్పిన మాటలన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. గట్టు మీదే నిలబడి కళ్లు తుడుచుకున్నాడు.

ఊళ్లోకి వెళ్లేసరికి ఆదిశేషయ్య కూడా అవతలి సందులోంచి వస్తున్నాడు. ఆయన కాళ్లకూ బురదే ఉంది, ఆయన కళ్లూ ఎర్రగానే ఉన్నాయి. రెండిళ్ల మధ్య ఎదురుపడ్డారు.

"తమ్మీ" అన్నాడు పండరి.

"అన్నా" అన్నాడు ఆదిశేషయ్య.

"నువ్వు పెద్ద మనసు చేసినవ్ రా. నా వరి బతికింది."

"నాదేముందే. ముందుగాల నీళ్లు పెట్టింది నువ్వు గదా."

"నేనెప్పుడు పెట్టిన?"

"మరి నా మడిల నీళ్లేడికెల్లి వచ్చినయి?"

"నీ తాళంచెవి నా జేబుల్నే ఉన్నది, సూడు" అని పండరి పిన్నీసు తీసి, తాళంచెవి బయటికి తీశాడు. ఆదిశేషయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి, ఇది నాది కాదన్నాడు. కాదు. అది పండరి ఇంట్లో బియ్యం డ్రమ్ము తాళంచెవి. ఆదిశేషయ్య మొలతాడుకు కట్టుకుని కాపలా కాస్తున్నది, ఆయన కొడుకు పాత సైకిలుది.

ఆదిశేషయ్య అరుగు మీద ఆయన భార్య రోజారాణి, పోసవ్వ పక్కపక్కనే కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నారు. పోసవ్వ తల ఎత్తలేదు. రోజారాణే అంది. "ఏం జెయ్యాలె బావా. మీ కోపం మీకున్నది, వరి మాకున్నది. మీరు తానం చేస్తున్నప్పుడు అక్క మార్చింది, ఈయన పండుకున్నప్పుడు నేను మార్చిన. రూల్ మాత్రం తప్పలే. అక్క నన్ను నోటితోని అడిగింది, నేను అక్కను నోటితోని అడిగిన."

అన్న మాటలు వెనక్కి తీసుకుందామంటే ఇద్దరూ అప్పటికే చాలా అనేసుకున్నారు. ఇక చేసేదేమీ లేక నవ్వారు. ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని రెండేళ్ల మాటలు మాట్లాడుకున్నారు. చీకటి పడే ముందు పండరి గొంతు తగ్గించి, "తమ్మీ, ఇగ మన తాళంచెవులు మనకాడనే ఉన్నట్టు గదా. మనిద్దరియి రెండు ఆటోమేటిక్‌లు పెట్టుకుంటే గా ట్రాన్స్‌ఫార్మర్‌కు ఏమైతది?" అన్నాడు. ఆదిశేషయ్య అటూ ఇటూ చూసి, "రెండిటితోని ఏం గాదులే" అన్నాడు.

మర్నాడు పొద్దెక్కేసరికి హేమ్లి గుట్ట దిగి వచ్చింది. కబురు తండా దాకా పోయినట్టుంది. పండరి అప్పుడే టిఫిన్ డబ్బా పెట్టినట్టు ఉబ్బిన గుడ్డసంచి చేతిలో పట్టుకుని పొలానికి బయల్దేరబోతున్నాడు.

"మాటలు కలిసినయంట గదన్నా. సంతోషం. అయితే తాళంచెవులు ఇటియ్యిన్రి" అంది.

"ఎందుకు?"

"ఇగ మీరిద్దరు ఒకరికొకరు పనికి రారు. మాటలున్నోళ్లకు మొహమాటముంటది. ఒకడు ఆటోమేటిక్ పెడ్తే ఇంకొకడు సూడనట్టు పోతడు."

ఛీ, మేం అట్లాంటోళ్లమా అనబోయి, చేతిలో సంచి బరువు గుర్తొచ్చి పండరి దాన్ని వీపు వెనక్కి పెట్టుకున్నాడు. పోసవ్వ లోపలి నుంచి రెండు తాళంచెవులూ తెచ్చి, హేమ్లి చేతిలో పెట్టి లోపలికి పోయింది. ఆదిశేషయ్యకు ఊళ్లో కావలసినంతమంది ఉన్నారు, ఆయనదేమీ చిక్కు కాదని హేమ్లి అంది. "నీ సంగతి చెప్పు. నీతోని ఇప్పుడు మాటల్లేనోళ్లు ఎవలున్నరు?"

పండరి గర్వంగానే ఆలోచించాడు. ఎవరూ లేరు. ఉన్న ఒక్కడితో నిన్న కలిసిపోయాడు. "నాకు ఊర్ల అందరు కావలసినోళ్లే" అన్నాడు.

ఇంట్లో కంచం నేల మీద పెట్టిన చప్పుడు వీధిలోకి వినిపించింది. హేమ్లి లోపలికి చూసింది. నీళ్లయితే పారాయి గానీ, పండరి తాళంచెవి అడిగింది లేదు. అడిగినదాకా మాట్లాడనన్న పోసవ్వ ఆ పంతం ఇంకా వదల్లేదు. హేమ్లి లోపలికి వెళ్లి, పండరి డబ్బా తాళంచెవిని ఆమె అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది. పోసవ్వ దాన్ని కొంగుకు ముడి వేసుకుంది. హేమ్లి గుట్టెక్కి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం ఎండ నెత్తి మీదికొచ్చింది. మిగతా జట్టువాళ్ల మోటార్లు ఒకటొకటిగా అందుకున్న చప్పుడు పొలాల వైపు నుంచి వస్తోంది. వంతు పండరిది. ఆయన సంచి చేతిలో పట్టుకునే వంటింటి గడపలో నిలబడ్డాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమెను ఏదీ అడిగి ఎరగడు. చాయ్ చేతికొచ్చేది, నీళ్లు కాళ్ల దగ్గరికొచ్చేవి. ఎట్లా అడగాలో నిజంగానే తెలియలేదు. ఆటోలో పది రకాలుగా అనుకున్న మాటల్లో ఒక్కటీ ఇక్కడికి సరిపోలేదు.

"తాళంచెవి" అన్నాడు.

పోసవ్వ పొయ్యి కడుక్కుంటోంది.

"పోసవ్వా" అన్నాడు మళ్లీ, ఈసారి నెమ్మదిగా. "నా డబ్బా తాళంచెవి జర ఇస్తవా? నీళ్లు పెట్టుకోవాలె."

ఆమె చేతులు తుడుచుకుని లేచింది. కొంగు ముడి తడిమి చూసుకుంది. చెప్పులేసుకుని, ఆయన్ని దాటుకుని వాకిట్లోకి వెళ్లి, అక్కడ ఆగి వెనక్కి తిరిగింది. ఇన్ని రోజుల తరవాత ఆమె ఆయనతో మాట్లాడిన మొదటి మాట అదే.

"నడువు, వస్తున్న. ఆ సంచి మాత్రం ఇంట్ల పెట్టి రా."